పండిత రమాబాయి: కరువును, కరుణయు

మతాంతరము స్వీకరించిన ప్రముఖులను గూర్చి మన దేశమున రెండు విధములగు మాటలే తరచుగ వినవచ్చుచుండును. వారు ప్రవేశించిన మతమువారు వారిని విజయచిహ్నములుగ చూపుదురు. వారు విడిచిన మతమువారు వారిని ద్రోహులుగ తలతురు. ఈ యుభయపక్షముల కోలాహలమున, ఆ వ్యక్తి యనుభవించిన దుఃఖమెట్టిది, వెదకినదేమి, పొందినదేమి, పొందినదానితో లోకమునకు చేసినదేమి యను విచారణ మరుగున పడిపోవును. పండిత రమాబాయి విషయమున ఇట్లే జరిగినది. ఆమె 1922లో గతించినది. నూరేండ్లు దాటినను ఆమె పేరు వినినంతనే కొందరు గర్వింతురు, కొందరు ముఖము ముడుచుకొందురు. ఆమె జీవితమును ఆద్యంతము తెలిసికొనినవారు ఉభయపక్షములందును కొలదిమందియే. అందుచే నేడు ఆ చరిత్రమును మా చదువరుల ముందుంచ సంకల్పించితిమి.

రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మంగళూరు ప్రాంతమున స్థిరపడిన మహారాష్ట్ర బ్రాహ్మణుడు. యౌవనమున ఆయన రామచంద్రశాస్త్రి యను విద్వాంసునొద్ద చదువుకొనుచుండగా, ఆ గురువు పీష్వా యంతఃపురమున రాణికి సంస్కృతము చెప్పుచుండుట చూచెను. స్త్రీ నోట గీర్వాణము వినుట ఆయనకు వింతయు, ఆనందమును కలిగించినది. తన భార్యకును చదువు చెప్పవలెనని ఆనాడే నిశ్చయించుకొనెను. మొదటి భార్యకు అది రుచింపలేదు. ఇంటి పెద్దలకును సమ్మతము కాలేదు. ఆమె గతించిన పిమ్మట, నడివయస్సు వచ్చిన శాస్త్రి లక్ష్మీబాయి యను తొమ్మిదేండ్ల బాలికను వివాహమాడి ఆమెకు సంస్కృతము నేర్ప నారంభించెను. స్త్రీవిద్య యనగానే కాలమునకు ఎదురు నిలిచిన ఆ మనుష్యుడే వివాహవిషయమున కాలముతో కలిసి నడచెను. ఆనాటి సంస్కర్తల జీవితములలో ఇట్టి విరోధములు అరుదుగావు.

స్త్రీకి దేవభాష నేర్పుట యధర్మమని పండితులు ఆక్షేపించిరి. ఉడిపిలో విద్వత్సభ యెదుట అనంతశాస్త్రి తన పక్షమున శాస్త్రప్రమాణములను చూపి సమాధానము చెప్పుకొనవలసివచ్చెను. సభవారు ఊరుకొనిరి గాని ఊరివారి సణుగుడు ఆగలేదు. ఆయన భార్యను వెంటబెట్టుకొని పడమటి కనుమలలోని గంగామూల యను అడవికి పోయి, తుంగభద్రల పుట్టుకచోట నొక యాశ్రమమును కట్టుకొనెను. పులులు తిరుగు ఆ యడవిలో 1858వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదిన రమాబాయి జన్మించినది.

ఆమెకు ఆరుమాసములు నిండునప్పటికే కుటుంబము దారిద్ర్యము పాలయ్యెను. వచ్చిన యతిథులకును, శిష్యులకును లేదనక పెట్టి శాస్త్రి యున్న యాస్తి యంతయు ఖర్చుచేసియుండెను. శిశువును బెత్తపుపెట్టెలో పరుండబెట్టి కొండ దింపిరి. నాటినుండి ఆ కుటుంబమునకు స్థిరనివాసమన్నది లేదు. ఒక క్షేత్రమునుండి మరియొక క్షేత్రమునకు నడచుట, గుడిలోనో, చెట్టుక్రిందనో, కోనేటిగట్టుననో కూర్చుండి పురాణము చదువుట, వినినవారిచ్చిన బియ్యము, పైకముతో జీవించుట, మిగిలినది దానము చేయుట: ఇదియే వారి వృత్తి. తల్లి తెల్లవారుజామున కూతును లేపి, ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకములు వల్లెవేయించుచుండెను. పదునైదేండ్లు వచ్చునప్పటికి రమాబాయికి వ్యాకరణము, కోశము, భాగవతమున వేలకొలది శ్లోకములు కంఠస్థమైనవి. బాల్యవివాహమువలన పెద్దకూతురు పడిన బాధ చూచిన తండ్రి చిన్నకూతునకు చిన్ననాడు పెండ్లి చేయలేదు.

1874 ప్రాంతమున మద్రాసు రాజధానిలో కరువు వచ్చినది. కరువు వచ్చినప్పుడు పురాణము వినువారుండరు, వినినను ఇచ్చువారుండరు. కూలిపని చేయుటకు ఆ కుటుంబమువారికి తెలియదు. బిచ్చమెత్తుటకు విద్యాభిమానము, కులాభిమానము అడ్డుపడెను. ఉన్న పాత్రలు, నగలు, బట్టలు ఒక్కొక్కటే అమ్ముకొనిరి. ఉన్నంతలో బ్రాహ్మణులకు సమారాధనలు, దేవతలకు పూజలు మానలేదు. జపములు చేసిరి, ఉపవాసములుండిరి, ప్రదక్షిణములు చేసిరి. తుదకు చేత గింజ లేనినాడు, ఊరివారి కంటబడి చచ్చుటకంటె అడవిలో చచ్చుట మేలని నిశ్చయించుకొని మన తిరుపతి యడవిని ప్రవేశించిరి.

ఆంధ్రులమగు మనము ఈ ఘట్టమును ప్రత్యేకముగ స్మరింపవలసియున్నది. కొండమీది దేవాలయమును దర్శించి, తీర్థములన్నిటను స్నానము చేసి, ఆ యైదుగురును పదునొకండు దినములు ఆ యడవిలో నీళ్ళును, ఆకులును, గుప్పెడు ఈతపండ్లును తిని ప్రాణము నిలుపుకొనిరి. వృద్ధుడును, చూపు తగ్గినవాడును అగు అనంతశాస్త్రి బాధ సహింపలేక, పుణ్యతీర్థమున జలసమాధి పొందెదనని, ముందు నేను, పిమ్మట మీరని, పిల్లలకు వీడ్కోలు చెప్పుటకు సిద్ధపడెను. కూతును ఒడిలోనికి తీసికొని, ధర్మమార్గమును విడువవద్దనియు, దేవుని సేవింపుమనియు కడపటి మాటలు చెప్పెను. అప్పుడు కుమారుడు శ్రీనివాసశాస్త్రి కులగర్వమును ప్రక్కకు నెట్టి, ఏ కూలిపనియైనను చేసి మిమ్ము పోషింతునని మాటయిచ్చి తండ్రిని వారించెను. వారు అడవి వెడలివచ్చిరి. ఆ మాట తండ్రిని నీటినుండి రక్షించినది గాని మృత్యువునుండి రక్షింపజాలలేదు. కొలదిదినములకే ఆయన జ్వరముచే గతించెను.

కొలదిమాసములకు తల్లియు మంచము పట్టెను. ఆకలిచే క్షీణించిన ఆమెకు ఏదైన పెట్టవలెనని రమాబాయి పొరుగింటి బ్రాహ్మణగృహిణి నొక సజ్జరొట్టె ముక్క యడుగబోయి, సిగ్గుచేత నోట మాట రాక ఏడ్చినది. ఆ గృహిణి దయతో ఇచ్చిన రొట్టెను తెచ్చునప్పటికి తల్లికి దానిని మ్రింగు శక్తి లేదు. ఆమె చనిపోయినప్పుడు శవమును మోయుటకు స్వజాతివారు ముందుకు రాలేదు. ఎట్టకేలకు ఇరువురు బ్రాహ్మణులు జాలిపడి వచ్చిరి. మూడవవాడు కుమారుడు, నాలుగవ భుజము రమాబాయిది. శ్మశానము మూడుమైళ్ళ దూరమున నున్నది. ఆమె పొట్టి యగుటచే తన వంతు పాడెను తలమీద మోసికొని నడచినది. తరువాత కొంతకాలమునకు అక్కయు విషూచిచే గతించెను.

చదువరులీ దృశ్యమును మనస్సున నిలుపుకొనవలయునని మా ప్రార్థన. అష్టాదశపురాణముల సారమెరిగిన కుటుంబమునకు, జీవితమంతయు క్షేత్రములకు నడచిన కుటుంబమునకు, పాడె మోయుటకు నాలుగు భుజములు దొరకలేదు. రమాబాయి తరువాతి జీవితమున చేసిన ప్రతి కార్యమునకును మూలమిచ్చట నున్నది.

మిగిలిన అన్నయు, చెల్లెలును దక్షిణమునుండి ఉత్తరమునకు, కాశ్మీరమువరకును, అధికభాగము కాలినడకనే దేశము చుట్టిరి. కప్పుకొనుటకు దుప్పటులు లేక, జీలం నదియొడ్డున రెండు గోతులు త్రవ్వుకొని, మెడవరకును ఇసుక కప్పుకొని చలి కాచుకొనిరి. తండ్రి చెప్పిన వ్రతములన్నియు సాగించిరి. శాస్త్రము చెప్పిన ఫలములేవియు కానరాలేదు. వ్రతములు చేసినవారు పస్తులుండుటయు, చేయనివారు సుఖించుటయు చూచి వారి విశ్వాసము మెల్లమెల్లగ సడలెను. ఈ సడలుటలో తిరస్కారము లేదు. బాగుగ నలిగిన మనస్సు యొక్క అలసట మాత్రమే యున్నది.

1878లో వారు కలకత్తా చేరిరి. ఇరువదియేండ్ల యువతి ఆశువుగ సంస్కృతమున ప్రసంగించుట చూచి అచ్చటి పండితులు విస్మయము చెంది, పరీక్షించి, ఆమెకు పండిత యనియు, సరస్వతి యనియు బిరుదములిచ్చి గౌరవించిరి. కేశవచంద్రసేనుడు ఆమె చేతికి వేదగ్రంథమునిచ్చి చదువుమని ప్రోత్సహించెను. కులస్త్రీలకు ధర్మములు బోధింపుమని పెద్దలు కోరగా ఆమె ధర్మశాస్త్రములను చేబట్టినది. ఒక్కొక్క విషయమున ఒక్కొక్క విధముగ పలుకు ఆ గ్రంథములు స్త్రీని గూర్చియు, శూద్రుని గూర్చియు మాత్రము ఏకకంఠముగ పలుకుట ఆమెకు తోచెను. స్త్రీకి స్వతంత్రముగ మోక్షాధికారము లేదనియు, భర్తయే దైవమనియు చదివినప్పుడు, తిరుపతి యడవిలో ఆకులు తిని బ్రతికిన తల్లి ఏ లోకమునకు పోయినట్లని ఆమె మనస్సు కలతపడియుండును.

1880లో అన్న ఢాకాలో గతించెను. లోకమున ఆమెకు నా యనువారెవ్వరును మిగులలేదు. ఆ యేటనే ఆమె బిపిన్ బిహారీదాసు మేధావి యను వంగదేశపు న్యాయవాదిని బంకీపూరున రిజిస్టరు పద్ధతిని వివాహమాడినది. ఆయన శూద్రకులజుడు. బ్రాహ్మణకన్య శూద్రుని పెండ్లాడుట ఆనాడెంతటి సాహసమో మా చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. మన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు ప్రథమ వితంతువివాహము జరిపినది 1881 డిసెంబరులో, అదియు స్వకులములోనే, అయినను ఎంత యలజడి రేగినదో యెరుగుదుము. 1881 ఏప్రిలులో రమాబాయికి కుమార్తె పుట్టగా మనోరమ యని పేరుపెట్టిరి. 1882 ఫిబ్రవరిలో భర్త విషూచిచే మరణించెను. ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే తల్లిని, తండ్రిని, అక్కను, అన్నను, భర్తను పోగొట్టుకొని, చేత ఏడాది నిండని బిడ్డతో ఆమె నిలిచినది.

వితంతువు యొక్క గతి యెట్లుండునో ఇప్పుడు పురాణములనుండి గాక స్వానుభవమునుండి తెలిసినది. ఆమె పూనాకు వచ్చి, రనడే మొదలగు సంస్కర్తల యాదరముతో 1882లో ఆర్యమహిళాసమాజమును స్థాపించెను. స్త్రీధర్మనీతి యను మరాఠీ గ్రంథమును వ్రాసెను. హంటరు విద్యాసంఘము యెదుట సాక్ష్యమిచ్చుచు, ఉపాధ్యాయినులను తయారుచేయవలెననియు, పురుషవైద్యులకు చూపుకొనక చచ్చు స్త్రీలకై స్త్రీవైద్యులు కావలెననియు వాదించెను. తానును వైద్యవిద్య నేర్వవలెనని, పుస్తకము నమ్మిన ధనముతో 1883లో ఇంగ్లండునకు పయనమయ్యెను.

వాంటేజి యను పట్టణమున సెయింట్ మేరీ సన్యాసినీసంఘమువారు ఆమెకు ఆశ్రయమిచ్చిరి. చెవుడు ముదిరియుండుటచే వైద్యవిద్యకు ఆమె పనికిరాదని తేలిపోయెను. ఆ యాశ మాసినది. ఇంతలో ఆమెకు తోడుగ వచ్చిన భారతస్త్రీ మనస్సు చెదరి విషము త్రాగి మరణించెను. ఇట్టి దుఃఖముల నడుమ ఆమె మనస్సును మార్చినది వాదము కాదు, ప్రసంగము కాదు. ఆ సన్యాసినులు ఆమెను లండనులోని ఫుల్హాం నందు తమ సోదరీమణులు నడుపు శరణాలయమునకు పంపిరి. జారిపడిన స్త్రీలను అచ్చట చేరదీసి, పని నేర్పి, మనుష్యులుగ నిలుపుచుండిరి. ఒకప్పుడట్టి స్థితిలో నుండి, మనస్సు మారి, ఇతరులకు సేవచేయుచున్న స్త్రీలను ఆమె స్వయముగ చూచినది. అట్టివారిని కుక్కలకు వేయుమనియు, దండింపుమనియు శిక్షాస్మృతులలో చదివినది గాని, కరుణతో లేవనెత్తుమను మాట తాను చదివిన శాస్త్రములందు ఆమెకు కానరాలేదు. ఈ దయ ఎచ్చటినుండి వచ్చినదని ఆమె యడుగగా, సన్యాసినియొకతె సమరయదేశపు స్త్రీతో క్రీస్తు బావియొద్ద మాటాడిన కథను చదివి వినిపించెను. పలువురితో కాపురము చేసిన, అన్యజాతియగు ఆ స్త్రీని క్రీస్తు అసహ్యింపక, నీళ్ళడిగి, దైవవిషయమును ఆమెకు బోధించెనట. స్త్రీజాతిని ఉద్ధరింప సమర్థుడీతడని రమాబాయికి తోచినది. 1883 సెప్టెంబరు 29వ తేదిన ఆమెయు, బిడ్డయు బాప్తిస్మము పొందిరి.

ఈ వార్త స్వదేశమున పిడుగువలె పడినది. తెల్లవారు ఒక విదుషీమణిని మభ్యపెట్టిరని పత్రికలు వ్రాసినవి. అయితే వాస్తవమున ఆమె మభ్యపడు స్త్రీ యగునా యన్న విషయమును వాంటేజివారినే యడుగవలసియుండెను. సిలువమీద లాటిను వ్రాత యేల, సంస్కృతము ఉండరాదా యని ఆమె వాదించెను. మాంసాహారము ముట్టలేదు. త్రిత్వాది విషయములలో తనకు బోధపడని దానిని బోధపడినదని చెప్పనని పట్టుపట్టెను. ఆమె పురుషవిద్యార్థులకు పాఠము చెప్పుట తగదని భారతదేశమునందలి ఆంగ్ల బిషప్పులు అభ్యంతరము చెప్పగా, అట్టి నిర్బంధమును అంగీకరించుటకు ఆమె యిష్టపడలేదు. ఒక పీఠపు పెత్తనమును వదలివచ్చినది మరియొక పీఠమునకు తలయొగ్గుటకు గాదని ఆమె నడవడియే చాటినది. చెల్టన్‌హాం మహిళాకళాశాలలో ఆమె సంస్కృతము చెప్పుచు, గణితము, ప్రకృతిశాస్త్రములు చదువుకొనెను.

1886లో బంధువగు ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్యపట్టము పొందు నుత్సవము చూచుటకు ఆమె అమెరికా వెళ్ళినది. అచ్చట రెండేండ్లకు పైగా నుండి పట్టణము పట్టణమునకు తిరిగి ఉపన్యాసములిచ్చెను. 1887లో ది హైకాస్ట్ హిందూ ఉమన్ అను నాంగ్లగ్రంథమును ప్రకటించెను. భారతదేశపు బాలవితంతువుల స్థితిని భారతస్త్రీయే ఆంగ్లమున లోకమునకు విన్నవించుట ఆనాటికొక యపూర్వవిషయము. ఆ యేటి తుదిని బోస్టనులో రమాబాయి సంఘమేర్పడి, పదియేండ్లు ధనసహాయము చేయుటకు వాగ్దానము చేసెను.

1889 మార్చి 11వ తేదిన బొంబాయిలో ఆమె శారదాసదనమును తెరచినది. ఉన్నతకులముల వితంతువులకది నిలయము, పాఠశాలయు. అచ్చట మతబోధ చేయరాదని నియమము. మొదట చేరినవారిలో గోదూబాయి యొకతె. ఆమెనే తరువాత ధోండో కేశవ కర్వేగారు 1893లో వివాహమాడిరి. మహిళావిశ్వవిద్యాలయమును స్థాపించిన కర్వేగారి యింటి దీపము శారదాసదనమునుండి వచ్చినదే. ఆ 1889 డిసెంబరులో బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు ప్రతినిధులుగ వచ్చిన పదిమంది స్త్రీలలో రమాబాయి యొకతె. ఆమెను దేశమునకు పరాయిగ నెంచువారు ఈ విషయమును మరువరాదు.

మరుసటియేట సదనము పూనాకు మారినది. అచ్చటనే తగవు పుట్టినది. రమాబాయి తన గదిలో ప్రార్థన చేసికొనునపుడు తలుపు మూయలేదు. ఇష్టమైన బాలికలు వచ్చి కూర్చుండిరి. కొందరు క్రైస్తవమువైపు మొగ్గినట్లు తెలియగానే, తిలకుగారి కేసరి పత్రిక తీవ్రముగ ఖండించెను. 1893లో రనడే, భండార్కరు మొదలగువారు సలహాసంఘమునుండి తొలగిరి. పెక్కుమంది తలిదండ్రులు తమ బాలికలను తీసికొనిపోయిరి.

ఈ తగవున ఇరుపక్షముల న్యాయమును తూచవలయును. మతబోధ జరుగదని నమ్మి పిల్లలను పంపినవారి యాందోళన నిష్కారణము కాదు. ఒక పూటకూటికి, ఒక చదువుకు మారుగ మతమును కొనుట ఎవ్వరు చేసినను నింద్యమే. అయితే, తన విశ్వాసమును తన గదిలో దాచుకొనవలెనని గృహయజమానురాలిని శాసించుటయు న్యాయము కాదు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. బాలికలను తీసికొనిపోయినవారు వారినెచ్చటికి తీసికొనిపోయిరి? తలగొరిగించుకొని వంటయింటి మూల కూర్చుండు బ్రతుకునకే పెక్కుమందిని మరల పంపిరి. రమాబాయిని ఖండించుట ఒకనాటి పని. ఆమె సదనము వంటిది మరియొకటి నిర్మించుట పదియేండ్ల పని. ఆ రెండవపనిని మనస్సున బెట్టుకొని చేసినవారు కర్వేగారు. ఆయన మార్గమే ఆ వివాదమునకు తగిన ప్రత్యుత్తరమని మా యభిప్రాయము.

బాప్తిస్మము పొందిన యెనిమిదేండ్లకు గాని తనకు శాంతి దొరకలేదని ఆమె తన యాత్మకథలో తెలిపియున్నది. 1891 ప్రాంతమున ఆమెకు విశదమైన విషయము సరళమైనది. క్రైస్తవమతమును తాను గ్రహించినది గాని క్రీస్తును గ్రహింపలేదని ఆమెకు తోచెను. బాల్యమంతయు ఆమె దైవానుగ్రహమును సంపాదింప జూచినది: ఇన్ని ప్రదక్షిణములకు ఇంత, ఇన్ని యుపవాసములకు ఇంత. ఇంగ్లండులోను ఆ పద్ధతియే కొనసాగినది; వ్రతముల పేరు మాత్రము మారినది. దైవకరుణ వెల చెల్లించి కొను వస్తువు కాదు, నిస్సహాయునకు ఊరక లభించు దానమని ఆమెకిప్పుడు తెలిసినది. భక్తిమార్గమెరిగిన మన దేశమునకు ఈ భావము క్రొత్తది గాదు. శరణాగతి తత్త్వము నెరిగిన వైష్ణవునికిది వెంటనే బోధపడును. కాని తిరుపతి యడవిలో పదునొకండు దినములు ప్రత్యుత్తరము రాని ప్రార్థనలు చేసిన యొక యాడపిల్లకు అది పుస్తకపు సిద్ధాంతము కాదు. తన దుఃఖమునకు కారణమేమని ఆమె అటుపైన వాదింపలేదు. ఊరక పొందినది ఊరక ఇయ్యవలెనని మాత్రము నిశ్చయించుకొన్నది.

ఇచ్చు సమయము త్వరలోనే వచ్చినది. 1896లో మధ్యపరగణాలలో కరువు ప్రబలెను. ఆ వార్త వినగానే ఆమెకు తన కరువుదినములు కన్నులకు కట్టినట్లయినది. తానే స్వయముగ ఆ ప్రాంతమునకు పోయి, కూలిశిబిరములలోను, బాటల ప్రక్కలను ఎముకలగూళ్ళవలె పడియున్న బాలికలను, దుర్మార్గుల చేతులలో చిక్కనున్నవారిని చేరదీసెను. సుమారు మూడువందలమందిని తెచ్చెను. పూనాకు ముప్పదిమైళ్ళకు పైబడిన దూరమున కేడ్‌గాం నొద్ద ఆమె సదనమునకు వంద యెకరముల బీడుభూమి యుండెను. పండ్లతోట వేసి ఆదాయము పొందవలెనని కొన్న భూమి అది. ఇంతలో పూనాలో ప్లేగు వచ్చినది. అధికారులు క్రొత్తబాలికలను పట్టణముననుంచ వీలులేదనిరి. ఆమె వారినందరను ఆ బీటికి తరలించి, గుడిసెలు వేయించి, బావులు త్రవ్వించెను. ఆ బీడే ముక్తిసదనమైనది.

1897లో ప్లేగు నివారణ పేరిట పూనాలో జరిగిన దుశ్చర్యలను, ప్రభుత్వ వైద్యశాల, శిబిరములలో స్త్రీలకు రక్షణ లేకపోవుటను ఆమె పత్రికాముఖమున బహిరంగముగ ఖండించెను. ఆ లేఖ బ్రిటిషు పార్లమెంటులో చర్చకు వచ్చెను. బొంబాయి గవర్నరు దానిని తప్పని త్రోసివేయజూచెను. ఆ యేటనే తిలకుగారు రాజద్రోహనేరమున కారాగారమునకు పోయిరి. నాలుగేండ్ల క్రిందట పరస్పరము విరోధించిన యిరువురును ఒక్క యేట, ఒక్క పట్టణమున, ఒక్క ప్రభుత్వముపై ప్రజలపక్షమున గొంతెత్తుట చరిత్రలోని గొప్ప విశేషము. పాలకుల మతమును స్వీకరించినవారు పాలకులకు లోబడుదురను నింద రమాబాయి యెడ ఎంత నిరాధారమో ఇందువలన తెలియును.

1900లో గుజరాతు మొదలగు ప్రాంతముల కరువు వచ్చునప్పటికి ముక్తిసదనమున నివసించువారి సంఖ్య దాదాపు రెండువేలకు పెరిగినది. ఇంతమందికి అన్నము పెట్టుట యొక యెత్తు. వారిని యాచకులుగ పెరగనీయకుండుట మరియొక యెత్తు. తన తండ్రి ఇంట విద్య యున్నది, పని లేదు. అందుచే కరువున విద్య కూడు పెట్టలేకపోయెను. ఈ పాఠమును ఆమె మరువలేదు. ముక్తిలో ప్రతి బాలికయు చదువుతోబాటు చేతిపని నేర్వవలసినదే. వ్యవసాయము, పాడి, నేత, కుట్టుపని, గానుగ, వంట, అచ్చుపని యన్నియు స్త్రీలే నడపిరి. మోసపోయిన స్త్రీలకు కృపాసదనమును, వృద్ధులకు, అశక్తులకు ప్రీతిసదనమును ఏర్పరచిరి. అంధులకు మనోరమ బ్రెయిలీ లిపి నేర్పెను. ఫుల్హాంలో చూచిన దయను ఆమె కేడ్‌గాం మట్టిలో ఈ రీతిగ నాటినది. శారదాసదనము ఉన్నతకులముల వితంతువులకై పుట్టినది. ముక్తిసదనమున కులము నడిగినవారు లేరు. తల్లి పాడెకు నాలుగవ భుజము దొరకని యాడపిల్ల, వేలమంది అనాథలకు తానే భుజమైనది.

కడపటి పదునేడేండ్లకు పైగా ఆమె మరియొక మహాకార్యమును చేసెను. పామరస్త్రీలకు బోధపడు తేలిక మరాఠీలో బైబిలు లేదని, హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, మూలమునుండి స్వయముగ భాషాంతరీకరించెను. పండితులను మెప్పించిన సంస్కృతపాండిత్యమును ప్రక్కనబెట్టి, పల్లెటూరి కూలిది మాటాడు మాటలకై ఆమె వెదకుట గమనింపదగినది. అక్షరములు కూర్చినవారు, అచ్చువేసినవారు ముక్తిలోని స్త్రీలే.

దుఃఖము ఆమెను కడవరకు విడువలేదు. మనోరమ ఇంగ్లండు, అమెరికాలలో చదివివచ్చి తల్లికి కుడిభుజమై, నిజాం రాజ్యములోని గుల్బర్గాలో సైతము పాఠశాలను నెలకొల్పుటకు శ్రమించెను. తన తరువాత ముక్తిభారము ఆమెదే యని తల్లి యాశపడినది. 1921 జులైలో నలుబదియేండ్ల ప్రాయమున మనోరమ గతించెను. తిరుపతి యడవిలో మొదలైన మరణపరంపర ఆమె కడుపు పంటనుగూడ కొనిపోయినది. అరువదిమూడేండ్ల వృద్ధ, చెవుడుతో, క్షీణించిన దేహముతో, తన యనువాదపు అచ్చుచిత్తులు దిద్దుచునే కూర్చుండెను. పని ముగియవచ్చిన దినములలో, 1922 ఏప్రిలు 5వ తేదిన ఆమె నిద్రలోనే కన్నుమూసెను. ముక్తిసంస్థ కేడ్‌గాంలో నేటికిని నడచుచున్నది. 1989లో భారతప్రభుత్వము ఆమె పేర తపాలబిళ్ళను వెలువరించినది.

ఆమె చెప్పినదంతయు మేమంగీకరింతుమని చదువరులు తలపవలదు. తాను విడిచిన మతమును గూర్చి ఆమె వ్రాసిన మాటలలో గాయపడినవారి కాఠిన్యము కొంత కలదు. గార్గి, మైత్రేయి పుట్టిన సంప్రదాయమున, శబరి యెంగిలి పండ్లను ఆరగించిన రాముని కథ చెప్పుకొను దేశమున, కరుణ కొరతపడినదనుట పూర్ణసత్యము కాదు. కాని గ్రంథములలో నున్న కరుణ ఆకలిగొన్నవాని కంచములోనికి రానినాడు, ఆ గ్రంథమును చూపి అతని నోరు మూయించుట యెవరికిని తగదు. దైవకరుణ యెచ్చట నున్నదను ప్రశ్నను ఆమె గ్రంథములలో గాక మనుష్యుల చేతలలో పరీక్షించినది. ఆమె సమాధానము క్రీస్తునొద్ద దొరకినది. మరియొకరికి మరియొకచోట దొరకవచ్చును. పరీక్షమాత్రము అందరికిని ఒక్కటియే.

రమాబాయి మనలను విడిచిపోయెనని విచారించువారు, ఆమె మొదట మన గుమ్మములముందు నిలుచుండి యడిగినదేమో తలచుకొనవలయును. ఆమె యడిగినవి రెండే: తల్లికొక రొట్టెముక్క, పాడెకొక భుజము. అవి యడుగువారు నేటికిని మన యూళ్ళలో నున్నారు. వారే గుడికి, ఏ చర్చికి, ఏ మసీదునకు పోవుదురని తర్కించుటకుముందు వారికి మనమేమి యిచ్చితిమని లెక్క చూచుకొనుట ధర్మము. ఆ లెక్క సరిగ నుండిన గృహస్థుడు, సరిగ నుండిన గ్రామము, సరిగ నుండిన జాతి, ఎవరు దేని విడిచిపోవుదురో యని భయపడవలసిన పని యుండదు.